గాఢ లవణ ద్రావణాల వాటర్ యాక్టివిటీ: డ్యూ పాయింట్ మీటర్ చాలుతుందా, ఐసోపైస్టిక్ చేయాల్సిందేనా?

కొత్త స్కాలర్:

అందరికీ నమస్కారం. కెమికల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. గాలిలోని తేమని పీల్చుకునే లవణ ద్రావణాల మీద నా పని. లిథియం క్లోరైడ్ దీనికి బాగా పనికొస్తుంది కానీ ఖరీదు ఎక్కువ. అందులో కొంత తగ్గించి కాల్షియం క్లోరైడ్ కలిపితే తేమ పీల్చే శక్తి ఎంత తగ్గుతుందో తేల్చాలి. అంటే 25 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య, రెండు లవణాలూ వేర్వేరు పాళ్ళలో ఉన్న ద్రావణాలకి వాటర్ యాక్టివిటీ (ద్రావణం మీది నీటి ఆవిరి పీడనం శుద్ధ నీటి దాంట్లో ఎన్నో వంతో చెప్పే అంకె) కావాలి. దాన్నుంచి ఆస్మాటిక్ కోఎఫిషియెంట్ (ద్రావణం ఆదర్శ ప్రవర్తన నుంచి ఎంత పక్కకి జరిగిందో చెప్పే అంకె) రావాలి. తర్వాత సాంద్రత, విశిష్టోష్ణం కూడా కొలవాలి.

మా ల్యాబ్‌లో చల్లబరిచిన అద్దంతో డ్యూ పాయింట్ చూసే మీటర్ ఉంది. కాసేపట్లో రీడింగ్ ఇచ్చేస్తుంది. గైడ్ గారు మాత్రం ఐసోపైస్టిక్ పద్ధతిలోనే (ద్రావణాల ఆవిరి పీడనాలు సమానమయ్యేదాకా ఒకే చోట ఉంచి తూచడం) చేయమంటున్నారు. ఒక్కో పాయింట్‌కి రోజులు, కొన్నిసార్లు వారాలు పడుతుందని చదివాక టెన్షన్ మొదలైంది. మీటర్‌తో కుదరదా? చేసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

బాష్పం:

కుదురుతుందా లేదా అన్నది మీకు ఎంత కచ్చితత్వం కావాలన్నదాన్ని బట్టి ఉంటుంది. లెక్క వేసి చూద్దాం. మంచి డ్యూ పాయింట్ మీటర్‌కి సాధారణంగా ప్లస్ ఆర్ మైనస్ 0.003 అని రాసి ఉంటుంది. ఆస్మాటిక్ కోఎఫిషియెంట్ వాటర్ యాక్టివిటీ సహజ లాగరిథంకి అనులోమంగా ఉంటుంది. కాబట్టి లాగరిథంలో ఎంత శాతం తేడా వస్తుందో చూడాలి.

వాటర్ యాక్టివిటీ 0.98 ఉన్న పలుచటి ద్రావణం తీసుకోండి. లాగరిథం మైనస్ 0.0202. మీటర్ తేడా 0.003 అంటే దాంట్లో 15 శాతం. అక్కడ మీటర్ రీడింగ్‌తో ఆస్మాటిక్ కోఎఫిషియెంట్ గురించి మాట్లాడనే కూడదు. 0.75 దగ్గర ఆ తేడా 1.4 శాతానికి దిగుతుంది. మీ లిథియం క్లోరైడ్ సంతృప్త ద్రావణం దగ్గర, అంటే 25 డిగ్రీల వద్ద సుమారు 0.113 దగ్గర, 1.2 శాతం ఉంటుంది. గాఢంగా ఉన్న కొద్దీ 0.37 దాకా మీటర్ మెరుగవుతుంది, కానీ 0.8 శాతం కిందికి మాత్రం దిగదు.

ఎయిర్ కండిషనింగ్ డిజైన్‌కి ఆ ఒక శాతం బాధ లేదు. నేను పరిశ్రమలో ఉన్నాను, మేం మీటర్‌తోనే పని కానిస్తాం. నా మాటగా చెప్పాలంటే, ముందు మీటర్‌తో మొత్తం రేంజ్ ఒకసారి చూసేయండి.

కొత్త స్కాలర్:

థాంక్స్ సార్. గైడ్ గారు ఆస్మాటిక్ కోఎఫిషియెంట్‌లో అర శాతం లోపు ఉండాలన్నారు. ఎందుకంత పట్టుబడుతున్నారో మాత్రం నాకింకా అర్థం కాలేదు.

వెండిగిన్నె:

ఎందుకో నేను చెబుతానమ్మా. నా ఉద్యోగ జీవితంలో సగం ఈ గిన్నెల చుట్టూనే గడిచింది.

నువ్వు తేల్చాలనుకుంటున్నది లిథియం క్లోరైడ్ ఒక్కదాని గుణం కాదు, కాల్షియం క్లోరైడ్ ఒక్కదాని గుణమూ కాదు. ఆ రెండూ విడివిడిగా పుస్తకాల్లో ఉన్నాయి. రెండూ కలిసినప్పుడు ఏమవుతుందన్నదే నీ ప్రశ్న. దానికి మొదటి అంచనా ఒక సాదా సూత్రం ఇస్తుంది. 1936లో జ్దనోవ్‌స్కీ ప్రతిపాదించాడు, 1966లో స్టోక్స్, రాబిన్సన్ మళ్ళీ దాన్ని పైకి తెచ్చారు. ఒకే వాటర్ యాక్టివిటీ దగ్గర శుద్ధ లిథియం క్లోరైడ్ మొలాలిటీ (కిలో నీటికి ఎన్ని మోల్స్ లవణం) 10, శుద్ధ కాల్షియం క్లోరైడ్ మొలాలిటీ 6 అనుకో (లెక్క సులువు కోసం గుండు అంకెలు తీసుకున్నాను). అప్పుడు అదే వాటర్ యాక్టివిటీ ఉన్న మిశ్రమంలో ఒకటి 5 ఉంటే రెండోది 3 ఉండాలి. సగం, సగం కలిపితే ఒకటి. చాలా లవణాల జంటలు ఈ గీతకి దగ్గరగానే నడుస్తాయి. పక్కకి జరిగితే చాలాసార్లు ఒకటి రెండు శాతమే జరుగుతాయి.

ఇప్పుడు చెప్పు, 1.2 శాతం తేడా ఉన్న మీటర్‌తో ఒక శాతం జరగడాన్ని ఎలా పట్టుకుంటావు? నీ థీసిస్ మొత్తం ఆ ఒక్క శాతంలోనే ఉంది.

ఐసోపైస్టిక్‌లో ఈ పని నేరుగా అవుతుంది. గాలి తీసేసిన ఒక మూసిన గదిలో, ఒకే రాగి దిమ్మ మీద చిన్న చిన్న గిన్నెలు పెడతాం. ఒకదాంట్లో శుద్ధ లిథియం క్లోరైడ్, ఒకదాంట్లో శుద్ధ కాల్షియం క్లోరైడ్, మిగతా వాటిలో మిశ్రమాలు. నీటి ఆవిరి ఎక్కువ పీడనం ఉన్న గిన్నెలోంచి తక్కువ ఉన్న గిన్నెలోకి పోతుంది. అన్నిట్లో ఆవిరి పీడనం సమానమయ్యేదాకా ఇది సాగుతుంది. లవణం ఎక్కడికీ పోదు, నీళ్ళు మాత్రమే చేతులు మారతాయి. చివర్లో గిన్నెలు తూచితే ప్రతిదాంట్లో మొలాలిటీ తెలిసిపోతుంది. పైన చెప్పిన సూత్రం నిలబడిందా లేదా అన్నది ఆ తూకాలే చెప్పేస్తాయి. దానికి వాటర్ యాక్టివిటీ అంకె కూడా అక్కర్లేదు. ఏ మీటరూ చేయలేని పని ఇది.

బాష్పం:

మేడమ్, మిశ్రమం గీత నుంచి ఎంత పక్కకి జరిగిందో చూడటం వరకూ ఒప్పుకుంటాను. కానీ స్కాలర్‌కి చివరికి వాటర్ యాక్టివిటీ అంకె కూడా కావాలి కదా. గిన్నెలు ఒకదానితో ఒకటి సమానమని మాత్రమే చెబుతాయి, ఎంత దగ్గర సమానమో చెప్పవు.

వెండిగిన్నె:

నిజమే. అందుకే ఒక గిన్నెలో తెలిసిన ద్రావణం పెడతాం. 25 డిగ్రీల వద్ద సోడియం క్లోరైడ్ అందరికంటే నమ్మకమైనది. ఉదాహరణకి గిన్నెలు సమానమయ్యాక సోడియం క్లోరైడ్ 4.00 మొలాల్, పక్క గిన్నెలో కాల్షియం క్లోరైడ్ 2.10 మొలాల్ తేలిందనుకో. 4 మొలాల్ దగ్గర సోడియం క్లోరైడ్ ఆస్మాటిక్ కోఎఫిషియెంట్ 1.116. అయాన్ల సంఖ్య, మొలాలిటీ, కోఎఫిషియెంట్ మూడింటి లబ్ధం రెండు గిన్నెల్లో సమానం. ఇటు 2 ఇంటూ 4 ఇంటూ 1.116, అంటే 8.928. అటు 3 ఇంటూ 2.10, అంటే 6.30. భాగిస్తే కాల్షియం క్లోరైడ్ కోఎఫిషియెంట్ 1.417. ఆ 8.928 ని 0.018015 తో గుణించి, మైనస్ పెట్టి, సహజ ఘాతం తీస్తే వాటర్ యాక్టివిటీ 0.851 వస్తుంది. లెక్క ఇంతే.

కానీ నీ రేంజ్‌లో ఒక అడ్డంకి ఉంది. సోడియం క్లోరైడ్ 25 డిగ్రీల వద్ద 6.14 మొలాల్ దగ్గర సంతృప్తమైపోతుంది, అక్కడ వాటర్ యాక్టివిటీ 0.753. నువ్వు పనిచేయాల్సింది అంతకంటే చాలా కింద. కాబట్టి కాల్షియం క్లోరైడ్‌నే రెఫరెన్స్‌గా పెట్టుకోవాలి, లేదా సల్ఫ్యూరిక్ ఆమ్లం. కాల్షియం క్లోరైడ్ ఎలాగూ నీ దగ్గర ఒక గిన్నెలో ఉండనే ఉంది. ఆమ్లానికి సంతృప్తమయ్యే గొడవ లేదు, ఎంత కిందికైనా వెళ్తుంది. దాన్ని మాత్రం వెండి గిన్నెలో పోయకు, టాంటలం గిన్నె వాడు.

ఇంకో మాట, బాష్పం గారికి. మీ మీటర్‌ని సరిచూడటానికి కంపెనీ చిన్న సీసాల్లో ద్రావణాలు ఇస్తుంది కదా. 8.57 మొలాల్ లిథియం క్లోరైడ్‌కి 0.500, 13.41 మొలాల్‌కి 0.250 అని. ఆ అంకెలు ఆకాశంలోంచి రాలేదు. ఎవరో ఎప్పుడో గిన్నెలు తూచి, ఆవిరి పీడనాలు కొలిచి రాసిపెట్టిన పట్టికల్లోంచి వచ్చాయి. మీటర్ ఆ పట్టికలకంటే గొప్పది కాలేదు.

బాష్పం:

సీసాల సంగతి సరిగ్గా చెప్పారు మేడమ్. ఒప్పుకున్నాను. మీటర్‌ని మొదటి సర్వేకి వాడుకోమనే నా సలహా.

ఉష్ణస్థాపకం:

ఉష్ణోగ్రత మాటే ఎవరూ ఎత్తలేదు. 25 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం ఒక్క డిగ్రీకి దాదాపు 6 శాతం మారుతుంది. రెండు గిన్నెల మధ్య ఒక డిగ్రీలో నూరో వంతు తేడా ఉంటే చాలు, అవి 0.06 శాతం తేడా ఉన్న పీడనాల దగ్గర సమానమైపోయి కూర్చుంటాయి. ఎన్నాళ్ళు ఆగినా ఆ తేడా పోదు.

దాని దెబ్బ ఎక్కడెంత పడుతుందో చూడండి. 0.1 మొలాల్ సోడియం క్లోరైడ్‌కి లాగరిథం సుమారు మైనస్ 0.0034. అందులో 0.0006 అంటే 18 శాతం. అదే సంతృప్త ఉప్పునీరైతే 0.2 శాతం. కొత్త స్కాలర్ పనిచేసే 0.3 దగ్గరైతే 0.05 శాతమే. పలుచటి ద్రావణాల్లో ఈ పద్ధతి ఎందుకు ఆగిపోతుందో, గాఢ ద్రావణాల్లో ఎందుకు రాజ్యమేలుతుందో ఈ మూడు అంకెలు చూస్తే తెలుస్తుంది.

రాగి దిమ్మ మందంగా ఉండాలి. గిన్నె అడుగు, దిమ్మ పైభాగం రెండూ అద్దంలా నున్నగా ఉండి ఒకదానికొకటి అతుక్కున్నట్టు కూర్చోవాలి. నీళ్ళు ఆవిరయ్యే గిన్నె చల్లబడుతుంది, ఆవిరి చేరే గిన్నె వేడెక్కుతుంది. ఆ వేడి దిమ్మలోంచి త్వరగా సర్దుకోవాలి. లేకపోతే ఆవిరి కదలికే మందగిస్తుంది.

కొత్త స్కాలర్:

వెండి, రాగి ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఇది ఎప్పటి పద్ధతి సార్?

వెండిగిన్నె:

1918లో బౌస్‌ఫీల్డ్ ఈ ఆలోచన మొదలుపెట్టాడు. 1933లో సింక్లెయిర్ రాగి దిమ్మ, వెండి గిన్నెలు, గాలి తీసేయడం కలిపి దాన్ని కొలత స్థాయికి తెచ్చాడు. ఆ తర్వాత రాబిన్సన్, స్టోక్స్ పదుల కొద్దీ లవణాలకి పట్టికలు తయారుచేశారు. మనం ఇప్పటికీ వాటిని తిరగేస్తూనే ఉన్నాం. సామాను మెరుగైంది కానీ సూత్రం అప్పటిదే.

టైట్రేషన్ బల్ల:

అందరూ గిన్నెల గురించే మాట్లాడుతున్నారు. అసలు తప్పు వచ్చేది గిన్నెలో కాదు తమ్ముడూ, స్టాక్ సీసాలో, అంటే గిన్నెల్లో పోయడానికి ముందే చేసి పెట్టుకునే ద్రావణంలో.

ఆస్మాటిక్ కోఎఫిషియెంట్ మొలాలిటీకి విలోమం. స్టాక్ గాఢతలో 0.3 శాతం తప్పుంటే నీ జవాబులో కూడా అంతే తప్పుంటుంది. ప్రతి గిన్నెలో, ప్రతి పాయింట్‌లో, ఒకే దిక్కున. గిన్నెల జంటలు ఒకదానితో ఒకటి చక్కగా సరిపోతాయి, గ్రాఫ్ నున్నగా వస్తుంది, అందరూ సంతోషిస్తారు. తప్పు మాత్రం అలాగే ఉంటుంది. గాఢ ద్రావణాల మీద రెండు ల్యాబుల అంకెలు కలవకపోతే నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: స్టాక్‌ని ఎలా విశ్లేషించారు?

సోడియం క్లోరైడ్ అయితే ఎండబెట్టి తూచి కలపొచ్చు. నీ రెండు లవణాలూ అలాంటివి కావు. లిథియం క్లోరైడ్ చెంచాలోకి తీసేలోపే తడిసిపోతుంది. కాల్షియం క్లోరైడ్‌ని గట్టిగా వేడిచేస్తే కొంత హైడ్రోజన్ క్లోరైడ్‌గా పోయి క్షారం మిగులుతుంది. మెగ్నీషియం క్లోరైడ్ అయితే మరీ ఘోరం. కాబట్టి తూచి కలపడం అన్న ఆలోచనే వదిలెయ్. సుమారుగా గాఢ ద్రావణం చెయ్యి, వడకట్టు, పీహెచ్ చూడు. తర్వాత అందులో క్లోరైడ్ ఎంతుందో సిల్వర్ క్లోరైడ్‌గా అవక్షేపించి తూచు.

ఎలా ఉంటుందో చెబుతాను. 30 శాతం లిథియం క్లోరైడ్ స్టాక్ ఒక గ్రాము తీసుకుంటే 1.014 గ్రాముల సిల్వర్ క్లోరైడ్ రావాలి. నైట్రిక్ ఆమ్లం కొద్దిగా వేసి, సిల్వర్ నైట్రేట్ నెమ్మదిగా పోస్తూ కలుపుతుంటే మొదట పాలలా తెల్లబడుతుంది. వేడిచేస్తూ కలిపే కొద్దీ పెరుగు విరిగినట్టు ముద్దలు కట్టి అడుక్కి దిగుతుంది. పైన నీరు తేటపడేదాకా ఆగాలి. వెలుతురు తగలనివ్వకూడదు, తగిలితే ఊదా రంగు ఎక్కుతుంది. సింటర్డ్ గ్లాస్ క్రూసిబుల్‌లో వడకట్టి, పలచటి నైట్రిక్ ఆమ్లంతో కడిగి, 110 డిగ్రీల పైన ఆరబెట్టి, తూకం నిలకడగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ తూచాలి. ఓపికగా చేస్తే 0.05 శాతం లోపు వస్తుంది. ఏ ఎలక్ట్రోడ్ టైట్రేషనూ నాకు ఇంత నమ్మకం ఇవ్వలేదు. కాల్షియంని విడిగా ఇంకో పద్ధతిలో చూసి, రెండూ కలిస్తేనే ముందుకెళ్ళు.

ఇంకోటి, లిథియం పరమాణు భారం. అమ్మకంలో దొరికే లిథియంలో లిథియం-6 ముందే తీసేసి ఉండొచ్చు. ప్రకృతిలో దొరికే లిథియంలో కూడా ఐసోటోపుల పాళ్ళు మారుతుంటాయి, అందుకే ప్రామాణిక పట్టికల్లో ఒకే అంకె బదులు 6.938 నుంచి 6.997 అని రేంజ్ ఇస్తారు. క్లోరైడ్ నుంచి మోల్స్ లెక్కిస్తే దెబ్బ చిన్నదే, కానీ నీళ్ళ బరువు తీసేటప్పుడు ఏ అంకె వాడావో పేపర్‌లో రాయి.

కొత్త స్కాలర్:

అన్నా, ఇది నాకు అస్సలు తట్టలేదు. స్టాక్‌ని లీటర్లలో మొలారిటీగా చేసి పెట్టుకున్నాను. మార్చుకోవచ్చా?

టైట్రేషన్ బల్ల:

వద్దు. సంతృప్త ఉప్పునీరు మొలాలిటీలో 6.14 అయితే మొలారిటీలో సుమారు 5.4. మధ్యలో సాంద్రత దూరుతుంది, అది ఉష్ణోగ్రతతో మారుతుంది. అంతా బరువులోనే చెయ్యి. తూకాలకి గాలి తేల్చే బలం సవరణ కూడా పెట్టు. నీళ్ళకి అది 0.1 శాతం, 1.2 సాంద్రత ఉన్న ద్రావణానికి 0.085 శాతం.

నౌపడ ఉప్పుమడి:

చదువుతుంటే మా ఊరి సంగతే అనిపించి రాస్తున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా నౌపడ దగ్గర. మా నాన్నగారు ఉప్పు మడుల్లో పనిచేశారు. నేను కెమిస్ట్రీ టీచర్‌ని.

మడిలో సముద్రపు నీరు సుమారు 3 డిగ్రీల బామే (ద్రావణం సాంద్రతని చెప్పే కొలమానం) దగ్గర మొదలవుతుంది. 24, 25 వచ్చాక ఉప్పు పడుతుంది. 29 దాటితే ఉప్పు తీసేసి మిగిలిన చేదు నీళ్ళు వదిలేస్తారు. అన్నీ బామే మీటర్‌తోనే. సముద్రం గాలి బాగా తేమగా ఉన్న రోజుల్లో ఎండ కాస్తున్నా మడి కదలదు, రాత్రికి పడిన ఉప్పు మళ్ళీ తడిదేరుతుంది. ఇది మీరు చెప్పే 0.753 వల్లేనా?

వెండిగిన్నె:

అవునండీ, అదే. గాలిలో తేమ 75 శాతం దాటితే సంతృప్త ఉప్పునీరు ఆవిరి కోల్పోవడం మానేసి గాలిలోంచి తీసుకోవడం మొదలుపెడుతుంది. పగలు ఎండకి నీళ్ళు గాలికంటే వేడెక్కితే కొంత వెసులుబాటు ఉంటుంది, రాత్రి అదీ ఉండదు. మడిలో నీరు శుద్ధ ఉప్పునీరు కూడా కాదు, మెగ్నీషియం పోగవుతూ ఉంటుంది. సంతృప్త మెగ్నీషియం క్లోరైడ్ వాటర్ యాక్టివిటీ 25 డిగ్రీల వద్ద 0.328. అందుకే 29 డిగ్రీల బామే తర్వాత మీ చేదు నీళ్ళు ఎంత ఎండబెట్టినా ఎండవు. ఆ నీళ్ళు అంటిన ఉప్పు వానాకాలంలో డబ్బాలో ముద్దయ్యేదీ ఇందుకే.

బామే మీటర్ చూసేది సాంద్రత ఒక్కటే. శుద్ధ ఉప్పునీరు సంతృప్తమయ్యేసరికి సాంద్రత 1.197, అంటే దాదాపు 24 డిగ్రీల బామే. మడిలో 25 డిగ్రీలు చూపించినా అందులో ఏ లవణం ఎంతుందో మీటర్ చెప్పదు. సముద్రపు నీటిలో లవణాల పాళ్ళు ఎప్పుడూ ఒకటే కాబట్టి మీ నాన్నగారికి ఆ ఒక్క అంకె సరిపోయింది. నీటి పాళ్ళు మారే చోట, ఉదాహరణకి భూగర్భ ఉప్పునీటితో నడిపే మడుల్లో, అదే అంకె దగ్గర వేరే సంగతి జరుగుతుంది.

సముద్రపు నీటిని ఆవిరి చేస్తూ ఏ లవణం ఎప్పుడు పడుతుందో 1849లోనే ఉసీలియో కొలిచి రాశాడు. ఆ వరుస అంతటినీ లెక్కతో చెప్పగలిగింది మాత్రం 1980ల్లో, హార్వీ, వేర్ చేసిన పని వల్ల. వాళ్ళ లెక్కకి పునాది పిట్జర్ సమీకరణాలు (గాఢ లవణ ద్రావణాల గుణాలని లెక్కించేవి), వాటిలోకి వెళ్ళిన ఐసోపైస్టిక్ కొలతలు, ద్రావణీయతలు.

నౌపడ ఉప్పుమడి:

ధన్యవాదాలు మేడమ్. ఇది పిల్లలకి క్లాసులో చెబుతాను.

తేలేబిందువు:

ఇంకో దారి కూడా ఉంది, ఎవరూ ప్రస్తావించలేదు. మాది వాతావరణ కణాల పరిశోధన. ఒక్క చుక్కని విద్యుత్ క్షేత్రంలో గాలిలో తేల్చి, చుట్టూ తేమ మారుస్తూ దాని బరువు ఎలా మారుతుందో చూస్తాం. చుక్క ఏ గోడకీ తగలదు కాబట్టి స్ఫటికం మొదలవడానికి ఆధారం దొరకదు. సోడియం క్లోరైడ్ స్ఫటికం 75 శాతం తేమ దగ్గర కరుగుతుంది, కానీ తేలే చుక్క మాత్రం 45 శాతం దాకా ద్రవంగానే ఉంటుంది. ఆ మధ్య రేంజ్‌లో ద్రావణం గుణాలు గిన్నెల్లో కొలవడం కష్టం. 1980లు, 90ల్లో బ్రూక్‌హేవెన్‌లో టాంగ్ వాళ్ళు ఇలా చాలా లవణాలు కొలిచారు.

ఉష్ణస్థాపకం:

మంచి విషయం. కానీ చుక్క పద్ధతిలో కచ్చితత్వం ఒక శాతం చుట్టూనే కదా?

తేలేబిందువు:

అవును, శాతం చుట్టుపక్కలే. అతిసంతృప్త ద్రావణాలకి వేరే దారి లేదు కాబట్టి వాడతాం. కొత్త స్కాలర్ గారికి ఇది అవసరం పడకపోవచ్చు.

వెండిగిన్నె:

అతిసంతృప్తం గిన్నెల్లో కూడా అవుతుంది, కొంతవరకు. ఓ ఉదయం మూత తీస్తే ఒక గిన్నెలో స్ఫటికాలు ఉంటాయి, పక్క గిన్నెలో అదే ద్రావణం తేటగా ఉంటుంది. అలాంటప్పుడు స్ఫటికం ఉన్న గిన్నెని ఆ పాయింట్ లెక్కలోకి తీసుకోకూడదు. కానీ పారేయకు, అది సంతృప్తం దగ్గరి వాటర్ యాక్టివిటీని చెబుతోంది.

గాలి తీయడం గురించి ఒక జాగ్రత్త. పంపు ఒక్కసారిగా తెరిస్తే ద్రావణంలో కరిగిన గాలి బుడగలై చిమ్ముతుంది. ఒక్క తుంపర పక్క గిన్నెలో పడితే లవణం అక్కడికి వెళ్ళిపోయినట్టే, ఆ రెండు గిన్నెలూ పోయినట్టే. కొద్ది కొద్దిగా తీసి, ఆగి, మళ్ళీ తీయాలి. చివర్లో గాలి లోపలికి వదిలేటప్పుడు కూడా అంతే నెమ్మది. గది తెరవగానే మూతలు పెట్టేయాలి. నీ ద్రావణాలు గాలిలోంచి క్షణాల్లో నీళ్ళు లాక్కుంటాయి, త్రాసు దగ్గరికి నడిచేలోపే అంకె మారిపోతుంది. మూతలు లోపలే ఉండి బయట్నుంచి తిప్పితే గిన్నెల మీద పడే ఏర్పాటు చేయించుకో.

సమతుల్యం వచ్చిందని ఎలా తెలుసుకోవాలి? ప్రతి ద్రావణం రెండు గిన్నెల్లో పెట్టు. ఒకటి చివరి గాఢతకంటే పలచగా, ఒకటి చిక్కగా మొదలుపెట్టు. పైనుంచి వచ్చినదీ కింద నుంచి వచ్చినదీ 0.1 శాతం లోపు కలిస్తే అయిపోయినట్టు. రెండూ ఒకే వైపు నుంచి వస్తే, దారి మధ్యలో ఉండి కూడా కలిసినట్టు కనిపిస్తాయి.

కొత్త స్కాలర్:

మేడమ్, ఇంత చేస్తే వాటర్ యాక్టివిటీ వస్తుంది. మరి లవణం యాక్టివిటీ కోఎఫిషియెంట్ కూడా కావాలంటే?

మొలాల్:

గిబ్స్-డ్యూహెమ్ సమీకరణం వాడాలి, నీటి యాక్టివిటీ నుంచి లవణం యాక్టివిటీని రాబట్టేది అదే. దాంట్లో మెలిక ఏంటంటే సున్నా గాఢత నుంచి సమాకలనం చేయాలి. నీ దగ్గర 2 మొలాల్ పైన మాత్రమే డేటా ఉంటే ఆ కింది ముక్క ఎక్కడి నుంచి తెస్తావు? పలచటి భాగానికి ఎలక్ట్రోడ్ సెల్ వోల్టేజీలు, ఘనీభవన స్థానాలు వాడతారు. శుద్ధ లవణాలకి ఆ డేటా సాహిత్యంలో ఉంది. మిశ్రమాలకి పిట్జర్ మోడల్‌లో అమర్చి గాఢ భాగం నుంచి దింపుకోవచ్చు.

పిట్జర్ 1973లో బర్క్‌లీలో ఇచ్చిన రూపం సోడియం క్లోరైడ్‌ని మూడు అంకెలతో సంతృప్తం దాకా చెప్పేస్తుంది: 0.0765, 0.2664, 0.00127. కానీ అది దాదాపు 6 మొలాల్ దాకా నమ్మదగ్గది. లిథియం క్లోరైడ్ 13 మొలాల్ దగ్గర ఆ రూపం చాలదు, అదనపు పదాలు కలపాలి. కలిపితే గీత పాయింట్ల గుండా చక్కగా వెళ్తుంది, కానీ పాయింట్లు లేని చోట ఏం చేస్తుందో చూసుకోవాలి. 25 డిగ్రీల దగ్గర అమర్చి 45 కి పొడిగించే పని అసలు చేయకు. ఒకటి రెండు మధ్య ఉష్ణోగ్రతల్లో కూడా కొలువు.

కొత్త స్కాలర్:

సాంద్రత, విశిష్టోష్ణం గురించి కూడా ఒక మాట చెప్పండి సార్.

ఉష్ణస్థాపకం:

సాంద్రత సులువు. కంపించే గొట్టం డెన్సిటీ మీటర్ ఉంటే చాలు. గాలి, నీళ్ళతో సరిచూసి వదిలేయకు, నీ రేంజ్‌లో సాంద్రత తెలిసిన చిక్కటి ద్రావణంతో కూడా చూడు. చిక్కదనం ఎక్కువైతే గొట్టం కంపనం మందగించి సాంద్రత కాస్త ఎక్కువ చూపిస్తుంది. బుడగ ఉంటే అంకె నిలవదు, కాబట్టి ముందే గాలి తీసేయి.

విశిష్టోష్ణానికి పికర్ తరహా ఫ్లో కెలోరీమీటర్ ఎక్కడైనా దొరికితే అదృష్టం. లేకపోతే మంచి డీఎస్‌సీలో (డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరీమీటర్) మూత గట్టిగా బిగించిన పాన్‌తో చేయొచ్చు. మూత వదులైతే నీళ్ళు ఆవిరై, ఆ గుప్తోష్ణం విశిష్టోష్ణంలా కనిపిస్తుంది. నీళ్ళకి గ్రాముకి, డిగ్రీకి 4.18 జౌళ్ళు అయితే సంతృప్త ఉప్పునీటికి దాదాపు 3.3. మొదట ఉప్పునీటితో చేసి ఆ అంకె వచ్చాకే నీ ద్రావణాలకి వెళ్ళు.

కొత్త స్కాలర్:

అందరికీ పేరు పేరునా ధన్యవాదాలు. ముందు స్టాక్‌లని సిల్వర్ క్లోరైడ్‌తో విశ్లేషిస్తాను. తర్వాత సోడియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ జంటతో గది సరిగా పనిచేస్తోందో చూసుకుని, ఆపైన మిశ్రమాలు పెడతాను. రెఫరెన్స్ గిన్నెగా కాల్షియం క్లోరైడ్, తక్కువ వాటర్ యాక్టివిటీల దగ్గర సల్ఫ్యూరిక్ ఆమ్లం. మీటర్‌తో ఈలోగా సర్వే. పేపర్‌లో పట్టిక ఎలా పెట్టాలి మేడమ్, ఆస్మాటిక్ కోఎఫిషియెంట్లు ఇస్తే చాలా?

వెండిగిన్నె:

చాలవు. ప్రతి పాయింట్‌కీ ప్రతి గిన్నె చివరి మొలాలిటీ ఇవ్వు, రెఫరెన్స్ గిన్నెది కూడా. రెఫరెన్స్ విలువలు కాలం గడిచే కొద్దీ సవరిస్తూ ఉంటారు. సోడియం క్లోరైడ్‌ని ఆర్చర్ 1992లో మొత్తం తిరగరాశాడు, కాల్షియం క్లోరైడ్‌ని రార్డ్, క్లెగ్ 1997లో. పాత పేపర్లలో గిన్నె మొలాలిటీలు ఇచ్చినవాళ్ళ డేటాని కొత్త రెఫరెన్స్‌తో మళ్ళీ లెక్కించి ఈరోజుకీ వాడుతున్నాం. కోఎఫిషియెంట్లు మాత్రమే ఇచ్చి, ఏ రెఫరెన్స్ సమీకరణం వాడారో కూడా రాయని వాళ్ళది వాడలేకపోతున్నాం. స్టాక్ విశ్లేషణ ఫలితాలు, ఒక్కో జంట గిన్నెల మధ్య తేడా, ఎన్నాళ్ళు ఉంచావో అవి కూడా అదే పట్టికలో పెట్టు. స్థలం లేదంటే అనుబంధంగా పెట్టు, కానీ వదిలేయకు. కాల్షియం క్లోరైడ్ అవక్షేపం తూకాలు వచ్చాక ఇక్కడ పెట్టమ్మా, చూస్తాను.